పుస్తకంలో లేని 3649

అమెరికాలోని పెద్ద యూనివర్సిటీల్లో నాలుగు దశాబ్దాలకు పైగా ఏ అమ్మాయీ అన్ని పాయింట్లు చేయలేకపోయింది. అయినా ఆ అంకె అధికారిక రికార్డుల పుస్తకంలో కనిపించలేదు. ఆ రికార్డు సాధించిన లీనెట్ ఉడార్డ్ చేసిన తప్పేమీ లేదు... ఒక్క ఏడాది ముందు చదువు పూర్తిచేయడం తప్ప!

1965 జనవరి 16. శనివారం ఉదయం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటా నగరం. వారాంతం కావడంతో చాలామంది ఇళ్లల్లోనే ఉన్నారు. అంతలోనే ఆకాశం విరిగి మీద పడ్డట్టు పెద్ద చప్పుడు. పక్కనే ఉన్న వైమానిక స్థావరం నుంచి గాల్లోకి లేచిన ఓ భారీ ఇంధన విమానం నిమిషాల్లోనే అదుపుతప్పి ఇళ్ల మధ్య కూలిపోయింది. దాని కడుపు నిండా ఇంధనమే. వీధి వీధంతా మంటలు. విమానంలోని ఏడుగురూ, నేలమీది 23 మందీ... మొత్తం ముప్ఫై ప్రాణాలు బూడిదయ్యాయి. ఆ వాడలో ఉండేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కుటుంబాలవాళ్లే.

ప్రమాదం జరిగిన చోటికి మూడే వీధుల అవతల ఓ ఐదేళ్ల పాప ఉండేది. పేరు లీనెట్ ఉడార్డ్. ఇళ్లు కాలిపోయి బోసిపోయిన ఆ స్థలంలో తర్వాత ఒక పార్కు వెలిసింది. పియాట్ పార్క్ అని పేరు. అందులో పిల్లల కోసం బాస్కెట్‌బాల్ కోర్టు కట్టారు. ముప్ఫైమంది ప్రాణాలు పోయిన చోటే లీనెట్ ఆట నేర్చుకుంది. పొద్దుగూకేదాకా మగపిల్లలతో సమానంగా ఆడేది. ఆ పార్కులో మొదలైన ప్రయాణమే ఆమెను అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో తిరుగులేని క్రీడాకారిణిగా నిలబెట్టింది.

అయితే బంతి ఆమె చేతికి రాకముందే ఆట వచ్చింది. ఇంట్లో సోదరుడితో కలిసి మేజోళ్లను ఉండలా చుట్టి, దాన్నే బంతి అనుకుని తలుపు మీదుగా విసిరేది. దానికి తోడు చుట్టాల్లోనే ఓ హీరో ఉన్నాడు. ఆయన హ్యూబర్ట్ 'గీస్' ఆస్బీ. వరసకు కజిన్. బాస్కెట్‌బాల్‌తో గారడీలు చేస్తూ, జనాన్ని కడుపుబ్బ నవ్విస్తూ దేశదేశాలు తిరిగే 'హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్' జట్టులో ఆయన పెద్ద స్టార్. ఇంటికి వచ్చినప్పుడు వేలి కొసమీద బంతిని బొంగరంలా తిప్పుతుంటే లీనెట్ నోరెళ్లబెట్టి చూసేది. తనూ అలా ఆడాలి, ఆ జట్టులోనే ఆడాలి అనుకుంది. ఆ జట్టులో ఆడవాళ్లే లేరన్న సంగతి ఆ వయసులో ఆమెకు పట్టలేదు.

ఆట పుట్టించినవాడి ఊళ్లో...

విచిటా నార్త్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు లీనెట్ జట్టు రెండుసార్లు రాష్ట్ర ఛాంపియన్ అయింది. రెండోసారి గెలిచింది 1977లో. ఆ ఏడాదే ఆమె లారెన్స్ పట్టణంలోని కాన్సస్ యూనివర్సిటీలో చేరింది.

బాస్కెట్‌బాల్‌కు అది ఆషామాషీ చోటు కాదు. 1891లో పీచుపండ్ల బుట్టలు గోడకు వేలాడదీసి ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్, ఆ తర్వాత ఏడేళ్లకు ఇదే యూనివర్సిటీకి వచ్చి జట్టుకు తొలి కోచ్ అయ్యాడు. తమాషా ఏమిటంటే, కాన్సస్ పురుషుల జట్టుకు కోచ్‌గా పనిచేసినవాళ్లలో గెలుపులకన్నా ఓటములే ఎక్కువ ఉన్నది ఆయన ఒక్కడికే! ఆటను పుట్టించినవాడు కన్నుమూసిందీ ఆ ఊళ్లోనే. ఆ తర్వాత విల్ట్ ఛాంబర్లిన్ లాంటి దిగ్గజం ఇక్కడి అలెన్ ఫీల్డ్‌హౌస్‌లోనే ఆడాడు. మ్యాచ్ ఉందంటే ఊరంతా అక్కడే.

కానీ ఆ సంబరమంతా మగవాళ్ల ఆటకే. ఆడపిల్లల ఆటకు అప్పుడప్పుడే ఊపిరి పోస్తున్నారు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదంటూ 'టైటిల్ నైన్' చట్టం వచ్చింది 1972లోనే. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి ఆడించింది 1976లో. అంటే లీనెట్ కాలేజీ మెట్లెక్కేనాటికి ఆ ముచ్చట జరిగి ఏడాదే అయింది.

ఆమెను తీర్చిదిద్దిన కోచ్ మేరియన్ వాషింగ్టన్. అమెరికా జాతీయ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి మహిళల్లో ఆమె ఒకరు. 1973లో కాన్సస్ అమ్మాయిల జట్టు బాధ్యత తీసుకున్నారు. కొన్నేళ్లపాటు జట్టు కోచ్‌గా ఉంటూనే యూనివర్సిటీలో మహిళల క్రీడల విభాగాన్నీ నడిపారు. ఒకపక్క అమ్మాయిలకు ఆట నేర్పాలి, మరోపక్క వాళ్లకు ఆడే హక్కుందని పెద్దలను ఒప్పించాలి. రెండూ ఆమె పనే. అలాంటి సమయంలో ఆరడుగుల ఎత్తుతో, చిరుతలాంటి వేగంతో లీనెట్ వచ్చి చేరింది.

నాలుగేళ్లు... 139 మ్యాచ్‌లు

కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాది బెంచీమీద కూర్చుని పెద్దల ఆట చూసి నేర్చుకోవడం మామూలే. లీనెట్ విషయంలో అది జరగలేదు. తొలి సీజన్‌లోనే మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు చేసింది. అంతకన్నా ఆశ్చర్యం రీబౌండ్ల విషయంలో. గురితప్పి రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతిని అందరికన్నా ముందు ఎగిరి అందుకోవడమే రీబౌండ్. సాధారణంగా అది జట్టులో అందరికన్నా పొడగరుల పని. లీనెట్ ఆ ఏడాది మ్యాచ్‌కు సగటున 14.8 రీబౌండ్లు పట్టింది. దేశం మొత్తమ్మీద ఆమెదే మొదటి స్థానం.

రెండో ఏడాది పాయింట్ల మోత మోగించింది. సగటు ఏకంగా 31కి చేరింది. దేశంలో ఆమే టాప్. ఆమె వేసుకునే చొక్కా నంబరూ 31 కావడం విశేషం. ఆ ఏడాది మొదలుపెట్టి వరుసగా మూడేళ్లు ప్రత్యర్థుల చేతుల్లోంచి బంతిని కాజేయడంలోనూ ఆమే దేశంలో ప్రథమురాలు. బాస్కెట్‌బాల్‌లో దీన్ని 'స్టీల్' అంటారు. మామూలుగా పాయింట్లు చేసేవాళ్లు రక్షణ సంగతి పట్టించుకోరు. రక్షణలో దిట్టలు పాయింట్ల జోలికి పోరు. లీనెట్ అన్నీ తానే అయి ఆడింది. తనే బంతి లాక్కుని, తనే కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తి, తనే బుట్టలో వేసేది.

ఆమె ఉన్న నాలుగేళ్లలో కాన్సస్ జట్టు 140 మ్యాచ్‌లు ఆడి 108 గెలిచింది. వాటిలో లీనెట్ ఆడినవి 139. అంటే నాలుగేళ్లలో తప్పిపోయింది ఒక్క మ్యాచ్ మాత్రమే. చేసిన పాయింట్లు 3649. పట్టిన రీబౌండ్లు 1714. నాలుగేళ్లూ ఆమెకు దేశంలోని ఉత్తమ క్రీడాకారిణుల జట్టు 'ఆల్ అమెరికన్'లో చోటు దక్కింది. 1981లో ఆ ఏటి మేటి క్రీడాకారిణికిచ్చే వేడ్ ట్రోఫీ అందుకుంది. ఆటలో పడి పుస్తకాలు పక్కన పెట్టేసిందనుకుంటే పొరపాటు. చదువులో రాణించే క్రీడాకారులకిచ్చే 'అకడమిక్ ఆల్ అమెరికన్' గౌరవం కూడా ఆమెకు దక్కింది.

ఆ 3649 పాయింట్ల వెనక ఇంకో విషయం ఉంది. ఇప్పుడు దూరం నుంచి బంతి వేస్తే మూడు పాయింట్లొస్తాయి. అమ్మాయిల కాలేజీ ఆటలో ఆ గీత వచ్చింది 1987-88 సీజన్‌లో. లీనెట్ కాలంలో ఎంత దూరం నుంచి వేసినా రెండే. ఫౌల్ జరిగినప్పుడు వేసే ఫ్రీత్రోకు ఒకటి. ఇక బంతి సంగతి. అమ్మాయిల చేతులకు వీలుగా చుట్టుకొలత అంగుళం తగ్గించిన చిన్న బంతి 1984-85లో గానీ రాలేదు. అప్పటిదాకా మగవాళ్లు ఆడే పెద్ద బంతే అందరికీ. అంటే ఆ పెద్ద బంతితో రెండేసి, ఒక్కోటి చొప్పున పోగేస్తే అయిన మొత్తం... 3649!

1981లో ఆమె కాలేజీ వదిలి వెళ్తుంటే కాన్సస్ యూనివర్సిటీ 31వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. ఆ యూనివర్సిటీలో అలాంటి గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే.

ఒక్క ఏడాది తేడా

అంతా బాగానే ఉంది. మరి రికార్డు పుస్తకంలో పేరెందుకు లేదు?

అమెరికాలో కాలేజీ క్రీడలంటే ఎన్‌సీఏఏ. మగవాళ్ల పోటీలన్నీ దశాబ్దాలుగా ఆ సంస్థే నిర్వహిస్తోంది. డెబ్భైల దాకా ఆడపిల్లల ఆటలను అది పట్టించుకోలేదు. ఎవరూ పట్టించుకోకపోతే మేమే చూసుకుంటాం అంటూ వ్యాయామ విద్య నేర్పే మహిళా అధ్యాపకులు నడుం బిగించారు. 1971లో ఏఐఏడబ్ల్యూ అనే సంస్థ పెట్టుకున్నారు. కాలేజీ అమ్మాయిల కోసం మహిళలే నడిపే సంఘం అది. చదువు ముందు, ఆట తర్వాత అన్నది దాని సిద్ధాంతం. క్రీడాకారిణులకు స్కాలర్‌షిప్పులిస్తే ఆట వ్యాపారమైపోతుందని మొదట్లో వాటినీ వద్దంది. దానిమీద కొందరు కోర్టుకెక్కడంతో 1973లో మెత్తబడింది. డబ్బు తక్కువైనా పట్టుదలకు లోటు లేకపోవడంతో వందల కాలేజీలు అందులో చేరాయి. జాతీయ ఛాంపియన్‌షిప్‌లు జరిగాయి. లీనెట్ ఆడిన 139 మ్యాచ్‌లూ ఆ సంఘం నీడలోనివే.

ఆట పెరిగింది. జనం చూడటం మొదలుపెట్టారు. టీవీవాళ్లూ ఇటు తొంగిచూశారు. అప్పుడు ఎన్‌సీఏఏకు ఆడపిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చింది! అమ్మాయిలకు తామే ఛాంపియన్‌షిప్‌లు పెడతామని 1981లో తీర్మానించింది. 1981-82 సీజన్‌లో రెండు సంస్థలూ పోటాపోటీగా టోర్నీలు పెట్టాయి. కొండతో పొట్టేలు ఢీకొన్నట్టయింది. పెద్ద కాలేజీలు ఒక్కొక్కటే అటు వెళ్లిపోయాయి. వాటి వెంటే టీవీ డబ్బూ వెళ్లింది. తమను కావాలనే దెబ్బతీశారంటూ ఏఐఏడబ్ల్యూ కోర్టుకెళ్లినా ఫలితం లేకపోయింది. పదేళ్ల పాటు ఆడపిల్లల ఆటను చంకనెత్తుకు పెంచిన సంఘం మూతపడింది.

దాంతోపాటే దాని లెక్కలూ అటకెక్కాయి. 1982కు ముందు అమ్మాయిలు చేసిన పాయింట్లను ఎన్‌సీఏఏ తన రికార్డుల్లో కలుపుకోలేదు. ఆ పోటీలు మేం పెట్టినవి కాదు కదా అన్నది దాని వాదన. లీనెట్ చివరి మ్యాచ్ ఆడింది 1981లో. సరిగ్గా ఒక్క సీజన్ తేడాతో ఆమె నాలుగేళ్ల చెమటా పుస్తకం బయటే ఉండిపోయింది.

మగవాళ్ల విషయంలో ఇలాంటి తకరారే రాలేదు. 1967-70 మధ్య లూసియానా స్టేట్ యూనివర్సిటీకి ఆడిన పీట్ మారవిచ్ చేసిన 3667 పాయింట్లు తరతరాలకూ కొండగుర్తుగా నిలిచాయి. లీనెట్‌కూ మారవిచ్‌కూ తేడా పద్దెనిమిది పాయింట్లే. ఆయన పేరు తెలియని బాస్కెట్‌బాల్ అభిమాని ఉండడు. ఆమె పేరు తెలిసినవాళ్లు మాత్రం కొద్దిమందే.

ఆడటానికి చోటేదీ?

కాలేజీ అయిపోయింది. వయసు ఇరవై రెండుకు చేరువలో ఉంది. ఆట పదునుమీదుంది. కానీ ఆడటానికి చోటేదీ? మహిళల కోసం అమెరికాలో మొదలైన తొలి ప్రొఫెషనల్ లీగ్ మూడు సీజన్లు నడిచి, సరిగ్గా 1981లోనే చతికిలపడింది. అంతకు ముందు ఏడాది ఒలింపిక్ జట్టులో చోటు దొరికితే, రష్యా మీద కోపంతో అమెరికా మాస్కో ఒలింపిక్స్‌నే బహిష్కరించింది. రెండు తలుపులూ మొహం మీదే మూసుకున్నాయి.

మరొకరైతే నిట్టూర్చి ఏ ఉద్యోగమో చూసుకునేవారు. లీనెట్ ఇటలీ వెళ్లి ఆడింది. తిరిగొచ్చి జాతీయ జట్టులో కుదురుకుంది. 1984లో లాస్‌ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న అమెరికా మహిళల జట్టుకు కెప్టెన్ ఆమే. ఫైనల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచారు. ఒలింపిక్ మహిళల బాస్కెట్‌బాల్‌లో అమెరికాకు అదే తొలి బంగారు పతకం.

మరుసటి ఏడాదే చిన్ననాటి కల తలుపు తట్టింది. గ్లోబ్‌ట్రాటర్స్ జట్టు తన చరిత్రలో మొదటిసారి ఒక మహిళను తీసుకోవాలనుకుంది. ఎంపిక పోటీలకు దేశంలోని మేటి క్రీడాకారిణులు వచ్చారు. చివరికి మిగిలింది లీనెట్. వేలిమీద బంతి తిప్పే కజిన్‌ను చూసి నోరెళ్లబెట్టిన పిల్ల 1985లో ఆ జట్టు చొక్కా వేసుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ జట్టుకు ఆడిన ఆస్బీ తప్పుకున్నదీ ఆ ఏడాదే. అన్న దిగిన బండి చెల్లెలు ఎక్కినట్టయింది.

ఆ తర్వాత జపాన్‌లో ఆడింది. న్యూయార్క్‌లో స్టాక్ బ్రోకర్‌గా పనిచేసింది. 1997లో మహిళల కోసం డబ్ల్యూఎన్‌బీఏ లీగ్ మొదలైంది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లతో పోటీపడి రెండు సీజన్లు ఆడింది. 2004లో కోచ్ మేరియన్ వాషింగ్టన్ అనారోగ్యంతో సీజన్ మధ్యలో తప్పుకుంటే కాన్సస్ జట్టును తాత్కాలికంగా నడిపించింది లీనెట్టే. ఆ ఏడాదే ఆట పుట్టించిన నైస్మిత్ పేరుమీద ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది.

గౌరవాలన్నీ వచ్చాయి. రానిది ఆ ఒక్క అంకే.

ముగ్గురొచ్చారు... ముగ్గురూ తక్కువే!

ఈలోగా పుస్తకం తన లెక్క తాను రాసుకుంటూ పోయింది. 1989లో మిసిసిపీ వ్యాలీ స్టేట్ క్రీడాకారిణి ప్యాట్రీషియా హాస్కిన్స్ 3122 పాయింట్లతో కాలేజీ ముగించింది. కొత్త రికార్డు అన్నారు. 2001లో జాకీ స్టైల్స్ 3393 చేసింది. కాన్సస్ పల్లెలో పెరిగిన అమ్మాయి. చరిత్ర తిరగరాసిందన్నారు. 2017లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన కెల్సీ ప్లమ్ 3527 దగ్గర ఆగింది. మళ్లీ చప్పట్లు, మళ్లీ పతాక శీర్షికలు.

ఆ ముగ్గురి ప్రతిభలోనూ వంక పెట్టడానికేమీ లేదు. రికార్డు అని ప్రకటించిన ప్రతిసారీ 3649 అనే అంకె ఎక్కడో పాత ఫైళ్లలో మౌనంగా ఉండిపోయిందంతే. దాన్ని ఎవరూ దాటలేదు. దాటాల్సింది ఒకటుందని కూడా చాలామందికి తెలియదు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఏఐఏడబ్ల్యూ రోజుల్లో కోచ్‌లు సాధించిన విజయాలను ఎన్‌సీఏఏ వాళ్ల ఖాతాలో కలిపి చూపించేది. అదే కోర్టులో, అదే మ్యాచ్‌లో అమ్మాయిలు చేసిన పాయింట్లను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మ్యాచ్ గెలిపించినవాళ్లు లేకుండానే గెలుపు మిగిలిందన్నమాట.

క్లార్క్ వచ్చాక...

ఆ దుమ్ము దులపడానికి మరో అమ్మాయి రావాల్సి వచ్చింది. ఆమె అయోవా యూనివర్సిటీ క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్. కోర్టు మధ్యలో ఉన్న బొమ్మ దగ్గర్నుంచి కూడా బంతిని బుట్టలో వేయగల దిట్ట. ఆమె ఆడుతోందంటే టికెట్లు దొరికేవి కావు. 2024 ఫిబ్రవరి 15న మిషిగన్ జట్టుతో మ్యాచ్‌లో ప్లమ్ రికార్డును దాటేసింది. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. మహిళల కాలేజీ ఆటలో అత్యధిక పాయింట్లు అంటూ హోరెత్తించారు.

అప్పుడు కొందరు పాతవాళ్లు గొంతు సవరించుకున్నారు. ఆగండి, అసలు అంకె అది కాదు, 3649 ఒకటుంది అన్నారు. క్లార్క్ కోచ్ లిసా బ్లూడర్ కూడా ఆ మాటే బాహాటంగా చెప్పారు. తన శిష్యురాలికి ఇంకో పరీక్ష పెట్టినట్టవుతుందని ఆమె వెనకాడలేదు. 1982కు ముందు కూడా ఆడవాళ్లు బాస్కెట్‌బాల్ ఆడారు, దాన్ని గుర్తించకపోవడం తప్పు అన్నారు. ఒక్కసారిగా పత్రికలన్నీ లీనెట్ ఉడార్డ్ ఎవరని వెతకడం మొదలుపెట్టాయి.

పదమూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 28న మిన్నెసోటాలో క్లార్క్ 33 పాయింట్లు చేసింది. ఆ రాత్రికి ఆమె మొత్తం 3650. సరిగ్గా ఒక్కటి ఎక్కువ! పుస్తకం ప్రకారం ఆ రాత్రి మొత్తం పాయింట్ల రికార్డేదీ బద్దలవలేదు. ఆట తెలిసినవాళ్లకు మాత్రం నలభై మూడేళ్ల రికార్డు చెదిరింది ఆ రాత్రే.

మార్చి 3న క్లార్క్ సొంతగడ్డ మీద మారవిచ్‌నూ దాటేసింది. ఆ మ్యాచ్ చూడటానికి లీనెట్ స్వయంగా అయోవా వెళ్లింది. ఆమె వచ్చిందని ప్రకటించగానే స్టేడియంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రికార్డు చేసినప్పుడు రాని చప్పట్లు, అది పోయాక వచ్చాయి.

కథ అక్కడితో సుఖాంతమైతే బాగుండేది. నెల తిరిగాక ఓ వేదిక మీద లీనెట్ మనసులోని మాట బయటపెట్టింది. తన రికార్డును నలభై మూడేళ్లు కప్పిపెట్టారని, అప్పటి పెద్ద బంతితో, మూడు పాయింట్ల గీత లేకుండా ఆడి ఎవరూ దాన్ని దాటలేదు కాబట్టి అది బద్దలైందని తాను అనుకోవడం లేదని అంది. దుమారం రేగింది. ఓర్వలేనితనమన్నవాళ్లూ ఉన్నారు, నిజమే కదా అన్నవాళ్లూ ఉన్నారు. తర్వాత ఆమే వివరణ ఇచ్చింది. కాలాలు మారాయి, ఒక కాలపు అంకెలను మరో కాలంతో పోల్చడం కష్టమన్నదే తన ఉద్దేశమని, రికార్డు క్లార్క్‌దేనని, ఆమెకు సలాం అని చెప్పింది.

అంకెలు చూస్తే ఆ మాటలో తప్పు కనిపించదు. క్లార్క్ 3951 పాయింట్లతో కాలేజీ ముగించింది. అందులో మూడు పాయింట్ల బుట్టలే 548. లీనెట్‌కు అలాంటి అవకాశం ఒక్కటీ లేదు. మరోపక్క క్లార్క్ ఎదుర్కొన్న జట్లు, ఆమె మీద ఉన్న ఒత్తిడి, ఆమెను ఆపడానికి పన్నిన వ్యూహాలు లీనెట్ కాలంలో లేవు. ఎవరు గొప్పో తేల్చడం ఎవరి తరం కాదు. ఒక్కటి మాత్రం ఇద్దరికీ ఒకటే... ఇద్దరూ నాలుగేళ్లలో ఆడినవి సరిగ్గా 139 మ్యాచ్‌లు!

లీనెట్ అడిగింది కిరీటం కాదు. చేసిన పనికి పద్దులో ఒక గీత. పొలంలో, వంటింట్లో, ఆఫీసులో పనిచేసి లెక్కలోకి రాని ఎంతోమంది ఆడవాళ్లకు ఆ బాధ తెలుసు. తన రికార్డును దాటే అమ్మాయి వచ్చేదాకా ఆ రికార్డు ఉందన్న సంగతే లోకానికి తెలియకపోవడం ఆమె కథలోని చేదు. దాటే అమ్మాయి వచ్చినందువల్లే అది లోకానికి తెలియడం అందులోని తీపి. ఇప్పుడు 3650 అనగానే 3649 గుర్తొస్తుంది. ఆ ఒక్క పాయింటు తేడా ఇద్దరినీ ఎప్పటికీ ముడివేసింది.

లారెన్స్‌లో, నైస్మిత్ నడిచిన ఊళ్లో, అలెన్ ఫీల్డ్‌హౌస్ లోపల తలెత్తి చూస్తే 31వ నంబరు పక్కన ఉడార్డ్ అన్న పేరు కనిపిస్తుంది. దాన్ని అక్కడ పెట్టడానికి ఏ పుస్తకం అనుమతీ అవసరం కాలేదు.

నాలుగు వేలు దాటిన ముత్యం

లెక్కలోకి రాని జాబితాలో లీనెట్ ఒంటరి కాదు. ఆమెకన్నా ముందే మరో అమ్మాయి అంతకన్నా ఎక్కువ పాయింట్లు చేసింది. ఆమె పేరు పెర్ల్ మూర్. పెర్ల్ అంటే ముత్యం. సౌత్ కరోలినాలోని ఫ్లోరెన్స్ ఆమె సొంతూరు. మొదట ఓ జూనియర్ కాలేజీలో 177 పాయింట్లు చేసి, సొంతూళ్లోని ఫ్రాన్సిస్ మారియన్ కాలేజీకి మారింది. 1979లో చదువు ముగిసేనాటికి మొత్తం 4061. అది చిన్న కాలేజీ కావడంతో పెద్ద యూనివర్సిటీల జాబితాలో ఆమె పేరు రాదు. ఏఐఏడబ్ల్యూ కాలం కావడంతో ఎన్‌సీఏఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. క్లార్క్ సైతం ఆ అంకెను అందుకోలేదు. ఆలస్యంగానైనా 2021లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను లోపలికి పిలిచింది. అప్పటికి పెర్ల్ కాలేజీ ఆట ఆపేసి నలభై రెండేళ్లు!